సందులో చీటీ పాట, నవలలో కథ

శ్రోతలకు నమస్కారం. సొంత పేట మీద నవల రాయాలని చాలామందికి ఉంటుంది. విజయవాడ వన్ టౌన్‌లో ఉండేవాళ్లకైతే మరీను. మార్వాడీ సేటు కొట్టు, ముస్లిం దర్జీ, కాళేశ్వరరావు మార్కెట్లో కూరలమ్మే ఆవిడ, గుణదల మేరీమాతకు మొక్కే రైల్వే ఉద్యోగి, అందరూ ఒకే సందులో దొరుకుతారు. చిక్కూ అక్కడే. మతానికొకరిని నిలబెట్టి, రంజానుకు సేమ్యా, క్రిస్మసుకు కేకు పంచిపెట్టిస్తే అది పండగ ఫ్లెక్సీ అవుతుంది. వాళ్లు విడిపోదామన్నా విడిపోలేని లావాదేవీ ఒకటి కావాలి.

చీటీ పాట తీసుకోండి. 20 మంది, నెలకు తలా 5,000, మొత్తం లక్ష. అవసరం ముదిరినవాడు 20,000 వదులుకుని పాడితే చేతికి 80,000 వస్తుంది. వదిలింది పంచితే తలా వెయ్యి, ఆ నెల అందరూ కట్టేది 4,000. పాట నడిపే ఆవిడ కమీషన్ లెక్కలోకి తీసుకోలేదు. చీటీ ఎత్తినా చివరి నెల దాకా కట్టాల్సిందే. మూడో నెలలో ఎత్తినవాడు ఏడో నెలలో మానేశాడనుకోండి. ఇలాంటి రిజిస్టరు కాని చీటీని 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ఒప్పుకోదు, కాబట్టి స్టేషనుకు వెళ్లడానికి అందరికీ జంకే. సందులోనే తేల్చుకోవాలి. హామీ ఉన్నదెవరు, ఎవరి గుమ్మం ముందు ఎవరు కూర్చుంటారు, సేటు ఎవరి పక్షం? కథంతా ఇక్కడే ఉంది.

20 నెలలకు 20 అధ్యాయాలు. ఒక్కోటి రెండువేల పైచిలుకు మాటలైతే మొత్తం 45,000, అచ్చులో సుమారు 200 పేజీలు. రోజుకు 300 మాటలు రాస్తే అయిదు నెలల పని. ఇరవై మందినీ పాత్రలు చేయకండి, ఆరేడుగురు చాలు. మిగతావాళ్లు చీటీ పుస్తకంలో పేర్లుగా ఉంటారు.

ఏ సంవత్సరమో ముందే తేల్చుకోండి. రంజాను ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2018లో రోహిణి కార్తె ఎండల్లో ఉపవాసాలున్నారు, 2024కు అది మార్చిలోకి వచ్చింది. కథ ఊళ్లోనే ఉన్న సింగ్‌నగర్లో పెడితే 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు ముంచిన నెల ఒకటి ఉంటుంది. ఆ నెల పాట జరుగుతుందా?

పంజా సెంటరు, మార్కెట్టు ఉన్నచోటే ఉండనివ్వండి. సందు పేరు మాత్రం కల్పించండి. ఉన్న మనిషికి పేరొక్కటే మారిస్తే సందంతా పోల్చుకుంటుంది. వృత్తి ఒకరిది, మాటతీరు మరొకరిది తీసుకుని, గుట్టు మాత్రం ఎవరిదీ కానిది రాయాలి.

ఇక సంభాషణ. ముస్లిం పాత్ర అనగానే వచ్చీరాని తెలుగు పలికించడం పాత సినిమా అలవాటు. వన్ టౌన్‌లో పుట్టినవాడు బెజవాడ తెలుగే మాట్లాడతాడు. తేడా పిలుపుల్లో చూపించండి. ఇంటావిడను అద్దెకున్నావిడ "పిన్నిగారూ" అంటుంది, ఆవిడ ఈవిణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది. అద్దె బాకీ పడిన నెల "పిన్నిగారు" కాస్తా "ఏవండీ" అవుతుంది.

చిత్తుప్రతిని ముగ్గురు వేర్వేరు ఇళ్లవాళ్లతో చదివించండి. కథ బాగుందా అని అడగొద్దు, తప్పు ఎక్కడుందో అడగండి. గుణదల వెళ్లే కుటుంబం "ఫాదర్" అంటుంది, బాప్టిస్టు సంఘానికి వెళ్లే కుటుంబం "పాస్టరు గారు" అంటుంది. మీరు కలిపేసి రాసి ఉంటే ఆ ఇంటివాళ్లే పట్టుకుంటారు.