నేలలో ఒదిగే నక్షత్రం

శ్రోతలకు నమస్కారం. కాక్టస్ అనగానే పొలం గట్టున ముళ్లతో నిలిచే నాగజెముడు మనకు గుర్తుకు వస్తుంది. అది కూడా అమెరికా ఖండం నుంచి వచ్చినదే. నేను చెప్పబోయే మొక్కకు మాత్రం ఒక్క ముల్లు కూడా ఉండదు. శాస్త్రీయ నామం ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్, వాడుకలో స్టార్ కాక్టస్.

ఈశాన్య మెక్సికోలోనూ, అమెరికాలో టెక్సస్ దక్షిణపు కొసన రియో గ్రాండే నది పరిసరాల్లోనూ ఇది సహజంగా పెరుగుతుంది. బత్తాయిని అడ్డంగా కోసి, ఒక సగాన్ని నేల మీద బోర్లించినట్లుంటుంది. సాధారణంగా ఎనిమిది తొనలు, ప్రతి తొన నడుమ వరుసగా దూది బొట్లు, వాటి చుట్టూ ముగ్గుపొడి చల్లినట్లు తెల్లని చుక్కలు. వసంతంలో నడినెత్తిన పసుపు పువ్వు విచ్చుకుంటుంది, దాని లోపలి భాగం మాత్రం కుంకుమ రంగు. తన పుప్పొడితో తనకు గింజ కట్టదు కనుక, తేనెటీగ మరో మొక్క నుంచి పుప్పొడి తేవలసిందే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకొన్నది దీని ఒదుగుదల. వానలు లేని కాలంలో ఒంట్లోని నీరు తగ్గేకొద్దీ కుంగి, నేలమట్టానికి దిగి, పైన దుమ్ము కమ్ముకోగా, పక్కనే నడిచేవారికి కూడా కనబడకుండా పోతుంది. వాన పడితే మళ్లీ ఉబ్బి పైకి వస్తుంది. మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమైన మెస్కీట్ వంటి ముళ్లపొదల నీడ దీనికి పుట్టిల్లు. అంటే ఎడారి మొక్క అయినా, నిప్పులు చెరిగే ఎండను కోరదు.

అడవి మొక్కలను తవ్వి అమ్ముకోవడం వల్ల ఇది అరుదైపోయింది. అమెరికా ప్రభుత్వం 1993లో దీనిని అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చింది. అందుచేత గింజ నుంచి పెంచిన మొక్కనే అడిగి కొనవలసిందిగా నా మనవి.

పెంచేవారికి ఒక్క మాట, నీళ్ల గురించే. నా మొదటి మొక్క ఎండకు కాదు, శ్రావణమాసపు ముసురుకు పోయింది. పైకి పచ్చగానే ఉన్నది, వేలితో నొక్కితే అడుగు భాగం మెత్తగా దిగిపోయింది. కనుక ముతక ఇసుక, చిన్న కంకర సగానికి పైగా కలిపిన మట్టిలో నాటండి. వానాకాలంలో చూరు కిందికి జరపండి. మట్టి అడుగుదాకా ఆరిన తరువాతనే నీళ్లు పోయండి. చలికాలంలో మొక్క ముడుచుకొని కిందికి దిగినట్లు కనబడినా, జాలిపడి నీళ్లు పోయకండి. ఎండలు మొదలై, నడినెత్తిన దూది మొగ్గ కదిలినప్పుడు మొదటి తడి ఇవ్వండి. నమస్కారం.