‘24’ని ఏ వరసలో చూడాలి? మధ్యలోంచి మాత్రం మొదలెట్టకండి!

ముందు ఈ చప్పుడు వినండి. వినపడిందా? ‘24’ అనే అమెరికన్ టీవీ సీరియల్లోని పసుపు అంకెల గడియారం. ఇది మోగితే చాలు, మా బావ చేతిలో పకోడీ నోటిదాకా వెళ్లకుండా ఆగిపోతుంది. స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ చేసే మనిషి, గడియారమంటే ఎలాగూ హడలే.

ఇవాళ ‘24’ సంగతి. 2001 నవంబరులో అమెరికాలో ఫాక్స్ ఛానల్లో మొదలైంది. ఉగ్రవాదుల దాడుల్ని ఆపే ప్రభుత్వ ఏజెంటు జాక్ బావర్‌గా కీఫర్ సదర్లాండ్. సీజనంటే ఒక్క రోజు, ఎపిసోడంటే ఆ రోజులో ఒక గంట. అలాంటి రోజులు ఎనిమిది, ఆ తర్వాత 12 ఎపిసోడ్ల చిన్న సీజన్ ఒకటి. మొత్తం 204 ఎపిసోడ్లు, పైన ఒక టీవీ సినిమా. ఇంత ఉంది కాబట్టే ఎక్కడ మొదలెట్టాలో తెలీక చాలామంది అసలు మొదలే పెట్టరు.

వరస స్క్రీన్ మీద చూడండి. ఒకటి నుంచి ఆరు సీజన్లు. తర్వాత ‘రిడెంప్షన్’ సినిమా. తర్వాత ఏడు, ఎనిమిది. చివర్లో ‘లివ్ అనదర్ డే’. అంతే, అది వచ్చిన వరసే.

‘ఐదో సీజన్‌కి ఎమ్మీ, అదే అమెరికా టీవీ అవార్డు, వచ్చిందట కదా, దాంతో మొదలెడితే పోలా?’ అంటారు. మా బావ సరిగ్గా అదే చేశాడు. ఐదో సీజన్ మొదటి పది నిమిషాల్లో ఏం జరుగుతుందో నేను చెప్పను. నాలుగు రోజులు వాళ్లతో తిరిగినవాడికి మాత్రం ఆ దెబ్బకి నోట మాట రాదు. మా బావ ఏమన్నాడో తెలుసా? ‘ఎవడ్రా అతను?’ అని టీ కలుపుకోడానికి లేచాడు! నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రాత్రే మళ్లీ ఒకటో సీజన్ పెట్టించాను.

ఒకటో సీజన్ కథ అర్ధరాత్రి 12కి మొదలవుతుంది. వీలైతే శనివారం రాత్రి మీరూ అదే టైముకి మొదలెట్టండి, ఆ మజా వేరు. 13 ఎపిసోడ్లయ్యాక కథ ముగిసిపోయినట్టే ఉంటుంది. ఛానల్ వాళ్లు మొదట ఇచ్చిన ఆర్డరు 13కే మరి. అక్కడ ఆపకండి. మిగతా 11 చూస్తేనే ఆ సీజన్ చూసినట్టు.

ఆరోది, నా దృష్టిలో, అన్నిట్లోకీ బలహీనం. ఓపిక పట్టి దాటేయండి. తర్వాత రచయితల సమ్మె వల్ల ఏడోది 2009 జనవరి దాకా రాలేదు. ఆ ఖాళీలో, 2008 నవంబరులో వచ్చిందే ‘రిడెంప్షన్’. ఆఫ్రికాలో సంగాలా అనే కల్పిత దేశంలో రెండు గంటల కథ. మీ యాప్‌లో సీజన్ల మధ్య కనపడకపోతే సినిమాల కింద వెతకండి. అది వదిలేస్తే, ఏడో సీజన్లో జాక్ సెనేట్ విచారణ ముందు ఎందుకు కూర్చున్నాడో అర్థం కాదు.

ఎనిమిదోదాంట్లో మన అనిల్ కపూర్ ఒక దేశాధ్యక్షుడిగా కనిపిస్తాడు. తర్వాత 2013లో తనే హీరోగా హిందీ ‘24’ తీసుకొచ్చాడు. దాన్ని చివరికి పెట్టుకోండి, ముందే చూస్తే అసలుదాని మలుపులు తెలిసిపోతాయి. 2017లో వచ్చిన కొనసాగింపు సీరియల్ ‘24: లెగసీ’కి హీరో వేరు. నేనైతే వదిలేయమంటాను.

ఒక జాగ్రత్త. మధ్యలో నటుల జాబితా తెరవకండి. పేరు పక్కన ఎపిసోడ్ల లెక్క చూస్తే ఎవరు ఎప్పుడు పోతారో తెలిసిపోతుంది.

ఇంకో తమాషా. ఎపిసోడ్ నిడివి నలభై నిమిషాల పైచిలుకే. మిగతాది యాడ్ల టైము, కథలో గడియారం యాడ్లు నడిచేటప్పుడు కూడా ఆగదు. అందుకే యాప్‌లో ఉన్నట్టుండి నాలుగు నిమిషాలు ముందుకి దూకుతుంది. ఏదో ముక్క మిస్సయ్యామని వెనక్కి తిప్పకండి.

ఇరవై ఏళ్లు దాటినా ఇది ఎందుకు నిలబడింది? ఆ మడత ఫోన్లు, ఆ కంప్యూటర్లు చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. పాతబడనిది లోపలి మనిషి మీద అనుమానం. బాంబు కన్నా పక్క సీట్లో కూర్చున్నవాడే భయపెడతాడు. వైజాగ్ వాళ్లకి ఇది వేరే చెప్పాలా? 2019 డిసెంబరులో ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరుతో ఏడుగురు నేవీ సిబ్బందిని అరెస్టు చేశారు. గూఢచారులు ఫేస్‌బుక్ పరిచయాలతో వాళ్లకి వలేసి నేవీ సమాచారం లాగారన్నది కేసు. తర్వాత నేవీ స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లే వద్దన్నారు. పొద్దున్నే బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ముందు నడిచే మనకి, ఆ వారం ప్రతి వాకరూ జాక్ బావరే!

అన్నీ పొగడను. జాక్ మనుషుల్ని హింసించి నిజం రాబట్టడం నాకు ఇప్పుడు మింగుడుపడదు. 2006లో వెస్ట్ పాయింట్ మిలటరీ అకాడమీ డీన్ స్వయంగా సెట్‌కి వచ్చి, ఇది మా కుర్రాళ్లని పాడుచేస్తోందని చెప్పాడు. పిల్లలతో చూసేటప్పుడు ఆ సీన్ల దగ్గర ఆపి ఒక మాట మాట్లాడండి.

మా బావ ఇప్పుడు నాలుగో సీజన్ చివర్లో ఉన్నాడు. వచ్చే వారం ఐదు పెడతాం. ఆ మొదటి పది నిమిషాలూ పకోడీ ప్లేటు నా చేతిలోనే ఉంటుంది.