ఎడమ పక్క మూగబోయిన ఆంప్లిఫయర్

శ్రోతలకు నమస్కారం. కువైట్‌లో చాన్నాళ్లు పనిచేసి రాయచోటికి వచ్చేసిన ఒకాయన దగ్గర మూడు వేలకు ఒక పాత జపాన్ స్టీరియో ఆంప్లిఫయర్ కొన్నాను. ముందువైపు వెండిరంగు రేకు, ఎత్తితే నడుము పట్టేసేంత బరువు. అక్కడ బాగానే పాడింది. కడపకు తెచ్చుకున్న మూడో రోజు ఎడమ స్పీకర్ గొంతు తగ్గి తగ్గి ఆగిపోయింది. ఫోన్ చేస్తే "కొన్నాళ్లు వాడు తమ్ముడూ, అదే దారికొస్తది" అన్నాడు. రాలేదు.

నేను చేసిన మొదటి తప్పు, వెంటనే మూత విప్పడం. లోపల నాకు కనిపించింది దుమ్మే, మన ఎండాకాలం గాలికి అది ఎక్కడైనా దూరుతుంది కదా. మళ్లీ బిగించేశాను. మూత ముట్టుకోకుండానే సగం సంగతి తేల్చుకోవచ్చని తర్వాత తెలిసింది.

ముందు కరెంటు ఆపండి. ఆంప్లిఫయర్ వెనక ఎడమ స్పీకర్ తీగను కుడికి, కుడి తీగను ఎడమకి మార్చి, మళ్లీ పాట పెట్టండి. అదే స్పీకర్ మూగగా ఉంటే జబ్బు ఆ స్పీకర్‌లోనో దాని తీగలోనో ఉంది. మూగతనం రెండో స్పీకర్‌కి పోయిందంటే స్పీకర్లు రెండూ బాగున్నట్టే, తప్పు ఆంప్లిఫయర్‌లోనో దానికి పాట పంపే ప్లేయర్ వైపో ఉంది. అప్పుడు స్పీకర్ తీగలు యథాప్రకారం పెట్టేసి, ప్లేయర్ నుంచి ఆంప్లిఫయర్‌కి పాట వచ్చే పిన్నులు ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి చూడాలి. మూగతనం పక్క మారితే ప్లేయర్‌నో దాని కేబుల్‌నో అనుమానించండి, మారకపోతే ఆంప్లిఫయరే. ఒకసారికి ఒకటే మార్చండి, రెండూ కలిపి మార్చి నేను ఒక సాయంత్రమంతా బుర్ర గోక్కున్నాను. ఆన్‌లో ఉండగా మాత్రం స్పీకర్ తీగలు ముట్టుకోవద్దు, రెండు కొసలు తగులుకుంటే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, అంటే స్పీకర్లను మోగించే భాగాలు, పోతాయి. బాలెన్స్ నాబ్ ఒక పక్కకి తిరిగి ఉందేమో కూడా చూసుకోండి. నవ్వొద్దు, అదీ జరుగుతుంది.

నా దాంట్లో ఒక వింత ఉంది. సౌండ్ బాగా పెంచితే ఎడమ పక్క ఒక్కసారిగా గొంతెత్తేది, తగ్గిస్తే మళ్లీ పోయేది. దీన్నిబట్టే మెకానిక్ పట్టేశాడు. ఇలాంటి వాటిలో ఆన్ చేసిన కొన్ని సెకన్లకి లోపల టక్కుమంటుంది, అది రిలే, అంటే స్పీకర్లను ఆంప్లిఫయర్‌కి దానంతటదే కలిపే స్విచ్. దానిలో ఎడమకొక జత, కుడికొక జత కాంటాక్టులు, అంటే ఒకదానికొకటి తగిలే లోహపు ముక్కలు, ఉంటాయి. ఏళ్ల తరబడి వాడకానికి అవి నల్లబడతాయి, చిన్న సిగ్నల్ ఆ మసిని దాటలేదు, పెద్దది తోసుకుపోతుంది.

"అయితే రిలే తీసేసి నేరుగా కలిపేయన్నా" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే డీసీ కరెంటు, అంటే ఒకే దిక్కున పారే కరెంటు, నేరుగా స్పీకర్‌కి పోయి దాని లోపలి తీగచుట్ట (కాయిల్) కాలిపోతుంది, దాన్ని ఆపేది ఆ రిలేనే. పాట లేకుండా, స్పీకర్లు తీసేసి, వెనక టెర్మినళ్ల మీద మల్టీమీటర్‌తో డీసీ వోల్టేజీ చూడమన్నాడు. కొన్ని పదుల మిల్లీవోల్టులైతే భయం లేదు, వోల్టుల్లో ఉంటే స్పీకర్ తగిలించకూడదు.

బయటినుంచి వచ్చిన పాత సెట్లు కొనేవాళ్లకి ఇంకో మాట. జపాన్‌లో వాడకానికి చేసినవి 100 వోల్టులవి, మన 230కి నేరుగా పెడితే పొగే. వెనక అంటించిన చీటీ చదవండి. నాది అదృష్టం కొద్దీ 240ది. చాలాకాలం వాడని సెట్టయితే మెకానిక్‌లు మామూలు 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో, అంటే సెట్టుకి వెళ్లే కరెంటు ఆ బల్బు గుండానే పోయేలా, పెట్టి ఆన్ చేస్తారు. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే ఫరవాలేదు, ధగధగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు. ప్లగ్ పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో, అంటే కరెంటు దాచుకునే భాగాల్లో, కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది, చేతులు పెట్టకండి.

రిలే కొత్తది వేశాడు, ఎడమ పక్క ఇప్పుడు చిన్న సౌండులోనూ పాడుతోంది. వాల్యూమ్ తిప్పితే మాత్రం కుడి పక్క కరకరమంటోంది. ఆదివారం కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టాలి. నమస్కారం.