బౌన్ వీధి వినాయకుడు

శ్రోతలకు నమస్కారం.

న్యూయార్కులో ఏడో నంబరు రైలెక్కి చివరిదాకా వెళ్తే ఫ్లషింగ్ అనే స్టేషను వస్తుంది. మా అమ్మాయి వాళ్ళుండేది ఆ చుట్టుపక్కలే. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు మా మనవరాలికి ఆరేళ్ళు. రైల్లో ఆ పేరు మైకులో వినపడ్డప్పుడల్లా నోటికి చెయ్యడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వేది. ఎందుకే ఆ నవ్వు అంటే, చెవి దగ్గరకొచ్చి, "అమ్మమ్మా, బాత్రూంలో నొక్కుతాం చూడు, ఆ ఫ్లష్!" అంది. నాకూ నవ్వొచ్చింది. నిజం చెప్పొద్దూ, నేనూ అదే అనుకున్నాను. పెద్దదాన్ని కాబట్టి పైకి అనలేదంతే.

ఆ రోజు మేం వెళ్తున్నది వినాయకుడి గుడికి. దాన్ని శ్రీ మహా వల్లభ గణపతి దేవస్థానం అంటారు. అమెరికాలో మన సంప్రదాయ పద్ధతిలో కట్టిన తొలి గుళ్ళలో అదొకటి. స్టేషను దిగి పైకి రాగానే ఎటు చూసినా చైనా భాష బోర్డులే. చేపల దుకాణాలు, పళ్ళబండ్లు, వేలాడదీసిన బాతులు. వాటి మధ్యనుంచి నడుచుకుంటూ పక్క వీధుల్లోకి మళ్ళితే జనం పలచబడతారు, ఇళ్ళు వస్తాయి. ఆ ఇళ్ళ మధ్య ఉన్నట్టుండి గోపురం కనపడుతుంది. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్తే కర్పూరం వాసన, గంటలు, మన పంతుళ్ళు. కళ్ళు మూసుకుంటే ఎక్కడున్నామో తెలీదు. పక్కనే వెంకటేశ్వరస్వామి కూడా ఉన్నాడు. ఆయన లేకపోతే మన తెలుగువాళ్ళకి తోచదు కదా.

దర్శనమయ్యాక అందరూ కిందకి దిగుతారు. బేస్‌మెంట్‌లో క్యాంటీను ఉంది. దోసెలు, ఇడ్లీలు, వడలు. కౌంటర్ దగ్గర నంబరు పిలుస్తారు, మన హోటళ్ళలో లాగా స్టీలు గ్లాసుల చప్పుడు ఉండదు గానీ, సాంబారు వాసన మాత్రం మనదే. మా పక్క బల్ల దగ్గర ఒక చైనా కుర్రాడు మసాలా దోసెని రెండు చేతులతో పట్టుకుని, ఎటునుంచి మొదలుపెట్టాలో తెలియక, దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. చివరికి మధ్యలో కొరికాడు. కూరంతా పళ్ళెంలో పడింది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఏమీ మాట్లాడకుండా తన దోసె ముక్క తుంచి, చట్నీలో ముంచి, నోట్లో పెట్టుకుని చూపించాడు. ఆ అబ్బాయి తలూపి అలాగే చేశాడు. ఒక్క మాట లేకుండా పాఠం అయిపోయింది.

ఈ గుడి సంగతి కాస్త చెప్పాలి. 1965లో అమెరికా వలస చట్టం మారింది. అప్పటినుంచే మనవాళ్ళు, డాక్టర్లు, ఇంజనీర్లు, అక్కడికి పెద్ద సంఖ్యలో వెళ్ళడం మొదలైంది. ఉద్యోగం దొరికింది, ఇల్లు దొరికింది, గుడి మాత్రం లేదు. ఐక్యరాజ్యసమితిలో పనిచేసే అళగప్పన్ గారనే తమిళ పెద్దమనిషి కొంతమందిని కూడగట్టి 1970లో ఒక సంఘం పెట్టారు. ఫ్లషింగ్‌లో రష్యన్ సంప్రదాయపు చర్చి ఒకటి అమ్మకానికి వస్తే ఆ స్థలం కొన్నారు. రాతి పనికి మన ఆంధ్రప్రదేశ్ శిల్పులు చెయ్యి వేశారు. ఇక్కడ చెక్కిన రాయి సముద్రం దాటి వెళ్ళింది. 1977 జులై 4న, అంటే సరిగ్గా అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, కుంభాభిషేకం చేశారు. ముహూర్తం కుదిరిందో, సెలవు రోజని కుదుర్చుకున్నారో గానీ, ఆ తేదీ మాత్రం బాగుంది. తరవాత జనం పెరిగారు, చోటు చాలలేదు. 1998లో పక్కనే పెద్ద కమ్యూనిటీ సెంటర్ కట్టారు. పెళ్ళిళ్ళు, సంగీత కచేరీలు, పిల్లల నాట్యాలు అన్నీ అందులోనే. గుడిని కూడా బాగా పెంచి 2009లో మళ్ళీ కుంభాభిషేకం చేశారు. వినాయక చవితి రోజుల్లో స్వామి రథమెక్కి ఆ చైనా బోర్డుల వీధుల్లో ఊరేగుతాడు.

గుడి ఉన్న వీధి పేరు బౌన్ స్ట్రీట్. 2022 ఏప్రిల్‌లో ఆ వీధి స్తంభానికి రెండో బోర్డు తగిలించారు. 'గణేశ్ టెంపుల్ స్ట్రీట్' అని. పాత పేరు తీసెయ్యలేదు, దాని కింద ఇది చేర్చారు. మా అల్లుడు అది చూపించి, "చూశారా అత్తయ్యగారూ, ఇక్కడ వీధికి మన దేవుడి పేరు పెట్టారు" అని మురిసిపోయాడు. నాకు మాత్రం చూపు పై బోర్డు మీదికి పోయింది. "ఈ బౌన్ ఎవరు నాయనా?" అన్నాను. మా అల్లుడు, "ఎవరో పాత మేయరై ఉంటాడండీ" అన్నాడు.

మేయరు కాదు. ఆయన కథ చెప్పాలంటే ముందు ఫ్లషింగ్ కథ చెప్పాలి.

నెదర్లాండ్స్‌లో, సముద్రం ఒడ్డున, ఫ్లిసింగెన్ అని ఒక రేవు పట్నం ఉంది. ఇంగ్లీషువాళ్ళ నాలుకకి ఆ పేరు తిరగక ఎప్పుడో దాన్ని 'ఫ్లషింగ్' చేసేశారు. న్యూయార్కు ప్రాంతం మొదట డచ్చివాళ్ళది, అంటే ఆ నెదర్లాండ్స్‌వాళ్ళది. వాళ్ళ దేశాన్నే హాలెండు అని కూడా అంటాం. వాళ్ళ వెస్టిండియా కంపెనీ దాన్ని నడిపేది. 1645లో అక్కడి డచ్చి గవర్నరు కొందరు ఇంగ్లీషు కాపురస్తులకి ఊరు కట్టుకోవడానికి పట్టా ఇచ్చాడు. ఊరికి తమ రేవు పట్నం పేరే పెట్టాడు. అలా వచ్చింది ఫ్లషింగ్. బాత్రూంకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. అసలు ఆ ఫ్లిసింగెన్ వాళ్ళకే తమ పేరు ఎలా వచ్చిందో చెప్పుకోవడానికి ఒక కథ ఉంది. విల్లిబ్రోర్డ్ అనే సాధువు అక్కడ దిగి, తన సీసాలోది బిచ్చగాళ్ళకి పంచితే ఎంత పంచినా తరగలేదట, మన అక్షయపాత్రలాగా. డచ్చిలో సీసాని 'ఫ్లెస్' అంటారు, అందుకే ఫ్లిసింగెన్ అంటారు. ఆ ఊరి జెండా మీద ఇప్పటికీ కిరీటం పెట్టిన సీసా బొమ్మ ఉంటుంది. పేరుకి అర్థం తెలియనప్పుడు ఊరుకోరు మనుషులు, ఒక కథ కట్టేస్తారు.

న్యూయార్కు నిండా ఇలాంటి పేర్లే. బ్రూక్లిన్ అంటే అక్కడి బ్రేకెలెన్ ఊరు. హార్లెమ్ కూడా వాళ్ళ ఊరే. బావరీ అంటే పొలం. కోనీ ఐలాండ్ అంటే కుందేళ్ళ దీవి. ఆ పైన హడ్సన్ నది వెంబడి వెళ్తే ఊళ్ళ పేర్ల చివర 'కిల్' అని ఉంటుంది. ఫిష్‌కిల్, క్యాట్స్‌కిల్. డచ్చిలో కిల్ అంటే వాగు. కానీ 1996లో జంతుప్రేమికుల సంఘం ఒకటి, చేపల్ని చంపమన్నట్టుంది, ఆ పేరు మార్చండి అని ఫిష్‌కిల్ ఊరివాళ్ళకి ఉత్తరం రాసింది. ఊరివాళ్ళు మార్చలేదు. అంతెందుకు, మనం ఇక్కడ "ఏం బాస్" అని పిలుచుకుంటామే, ఆ బాస్ కూడా డచ్చి మాటే. యజమానిని వాళ్ళు 'బాస్' అనేవారు. అది అమెరికా మీదుగా మన ఆటోస్టాండుకి వచ్చింది.

సరే, పట్టా దగ్గరికి వద్దాం. ఆ పట్టాలో ఒక మాట రాసి ఉంది. ఈ ఊరివాళ్ళకి హాలెండు ఆచారం ప్రకారం మనస్సాక్షి స్వేచ్ఛ ఉంటుంది, ఎవరి నమ్మకం వాళ్ళది, అధికారులు జోక్యం చేసుకోరు అని. ఇచ్చిన గవర్నరు వెళ్ళిపోయాడు. 1647లో పీటర్ స్టైవెసెంట్ అనే ఆయన వచ్చాడు. యుద్ధంలో ఒక కాలు పోయి, కర్రకాలుతో నడిచేవాడు. పట్టుదల మనిషి. తమ చర్చి తప్ప ఇంకో పద్ధతి తన ఏలుబడిలో ఉండకూడదన్నాడు. అప్పుడే క్వేకర్లనే కొత్త మతస్థులు వచ్చారు. వాళ్ళకి పాదిరీ ఉండడు, గుడి ఉండదు, అందరూ ఒకచోట మౌనంగా కూర్చుంటారు. వాళ్ళని ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకి జరిమానా అని ఆయన చాటింపు వేశాడు.

1657 డిసెంబరు 27న ఫ్లషింగ్‌వాళ్ళు ముప్ఫైమంది ఒక కాగితం రాసి సంతకాలు పెట్టారు. వాళ్ళలో క్వేకర్లు ఎవరూ లేరు. అదే నాకు ఆశ్చర్యం. తమకి రాని కష్టం కోసం రాశారు. మా ఇంటికి వచ్చినవాళ్ళ మీద మేం చెయ్యి ఎత్తలేం అన్నారు. హాలెండులో ప్రేమ, శాంతి, స్వేచ్ఛ అనే ధర్మం యూదులకీ టర్కులకీ ఈజిప్టువాళ్ళకీ కూడా వర్తిస్తుంది, వాళ్ళూ ఆదాము బిడ్డలే అన్నారు. ఆ జాబితాలో మనం లేం. 1657లో ఫ్లషింగ్‌వాళ్ళకి హిందువులనే వాళ్ళు తట్టే అవకాశమే లేదు. కాగితం రాసిన గుమస్తా ఎడ్వర్డ్ హార్ట్‌ని, దాన్ని పట్టుకెళ్ళి ఇచ్చిన టోబయస్ ఫీక్‌ని స్టైవెసెంట్ జైల్లో వేయించాడు. అంతటితో అది ఓడిపోయినట్టే.

ఇప్పుడు వస్తాడు మన జాన్ బౌన్. ఈయనా ఫ్లషింగ్ రైతే. ముందు క్వేకర్లలో కలిసింది ఆయన భార్య హానా. ఆమె చాటుగా అడవిలో జరిగే కూటాలకి వెళ్ళేది. ఏం జరుగుతోందో చూద్దామని ఆయనా వెళ్ళి, తనూ కలిసిపోయాడు. చెట్లకింద ఎందుకు, మా ఇంటికే రండి అని అందరినీ పిలిచాడు. వాళ్ళ వంటింట్లో కూటాలు మొదలయ్యాయి. 1662లో ఆయన్ని పట్టుకున్నారు. జరిమానా కట్టమంటే కట్టనన్నాడు. జైల్లో పెట్టారు, అయినా కట్టలేదు. విసుగెత్తి ఓడెక్కించి దేశం నుంచి పంపేశారు. స్టైవెసెంట్ లెక్క ప్రకారం పీడ విరగడైంది. కానీ బౌన్ పడుతూ లేస్తూ హాలెండు చేరుకున్నాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కంపెనీవాళ్ళ ముందే నిలబడి, మీ పట్టాలో రాసిన మాట ఇదీ, మీ గవర్నరు చేస్తున్నది ఇదీ అని చెప్పాడు.

1663లో కంపెనీ స్టైవెసెంట్‌కి ఉత్తరం రాసింది. గొడవ చెయ్యనంత వరకూ ఎవరి మనస్సాక్షినీ కట్టెయ్యొద్దు అని. అదేదో మహా ధర్మబుద్ధితో రాశారనుకోకండి. కఠినంగా ఉంటే వలస వచ్చేవాళ్ళు తగ్గిపోతారు, జనం లేకపోతే వ్యాపారం ఏముంటుంది అని అందులోనే రాశారు. వర్తకుల బుద్ధి వర్తకులది. బౌన్ 1664లో ఇంటికి తిరిగొచ్చాడు. అదే ఏడాది ఇంగ్లీషు ఓడలు వచ్చి ఆ నగరాన్ని పట్టుకుని న్యూయార్కు అని పేరు మార్చాయి. డచ్చివాళ్ళ ఏలుబడి పోయింది. పేర్లు మిగిలాయి.

బౌన్ ఇల్లు ఇప్పటికీ ఉంది. చెక్క ఇల్లు, మ్యూజియం చేశారు. గుడినుంచి అదే వీధిలో ఇరవై నిమిషాలు నడిస్తే వస్తుంది. మేం వెళ్ళిన రోజు మూసి ఉంది. కంచె పట్టుకుని కిటికీల వంక చూస్తూ, వంటిల్లు ఎటువైపు ఉంటుందా అని వెతికాను. ఆ రెండింటి మధ్య వీధిలో చర్చీలున్నాయి, స్వామినారాయణ మందిరముంది. క్వేకర్లు 1694లో కట్టుకున్న కూటపుటిల్లు కూడా దగ్గరలోనే ఉంది, ఇప్పటికీ అందులో కూర్చుంటూనే ఉన్నారు.

పాపం స్టైవెసెంట్‌నీ ఎవరూ మరిచిపోలేదు. ఆయన పేరుతో న్యూయార్కులో ఒక పెద్ద గవర్నమెంటు హైస్కూలు ఉంది. దాంట్లో సీటుకి ఎంట్రన్సు పరీక్ష. అక్కడి తెలుగు ఇళ్ళల్లో ఎనిమిదో తరగతి పిల్లలుంటే చాలు, ఒకటే టెన్షన్. మన దగ్గర ఐఐటీకి ఉన్నట్టే. వినాయకుడి దగ్గర హాల్‌టికెట్టు పెట్టి దణ్ణం పెట్టుకునే తల్లిని నేను స్వయంగా చూశాను. బౌన్ వీధి దేవుణ్ణి స్టైవెసెంట్ బడిలో సీటు అడుగుతోందన్నమాట.

ఇంతకీ నాకీ డచ్చి గొడవ ఎందుకు పట్టిందో చెప్పలేదు. నేను బందరుదాన్ని. అమెరికాలో ఫ్లషింగ్ పుట్టడానికి నలభై ఏళ్ళ ముందే, 1605లో, వాళ్ళ మరో కంపెనీ మనుషులు మా ఊళ్ళో దిగారు. అద్దకం బట్టలు కొన్నారు, గిడ్డంగి కట్టారు, కొందరు ఇక్కడే పోయారు. వాళ్ళ సమాధులు, వాటి మీద చెక్కిన వంశ చిహ్నాలు ఇంకా ఉన్నాయి. హాలెండువాళ్ళని మనవాళ్ళు వలందులు అన్నారు. బందరులో వలందపాలెం అలా వచ్చిన పేరే. నరసాపురంలో గోదావరి ఒడ్డున వలంధర రేవు కూడా అంతే. ఫ్లిసింగెన్‌ని ఇంగ్లీషువాళ్ళు ఫ్లషింగ్ చేస్తే, హాలెండుని మనం వలంద చేశాం.

అమెరికానుంచి వచ్చిన వారానికి పనిబడి వలందపాలెం వెళ్ళాను. ఆటో అబ్బాయి అక్కడివాడే. ఊరుకోలేక అడిగాను, "ఏం బాబూ, దీనికి వలందపాలెం అని పేరెలా వచ్చింది?" అని. వాడు అద్దంలోంచి నన్ను జాలిగా చూశాడు.

"ఏముందండీ మామ్మగారూ, పూర్వం ఇక్కడ వలలు అందేయంట. చేపలోళ్ళు కొనుక్కెళ్ళేవోళ్ళు."

నమస్కారం.