తండ్రి వృత్తి: కలాసీ. పుట్టిన తేదీ: జూలై 1

(విశాఖపట్నం పాత ఊరి బడి గురించి స్టూడియోలో జరిగిన చర్చ ఇది. అతిథులు ముగ్గురూ వన్‌టౌన్‌లో ఒకే బడిలో వేర్వేరు కాలాల్లో చదివారు. పేర్లు వద్దన్నారు కాబట్టి బ్యాచ్‌తోనే గుర్తించాం. బడి పేరు కూడా వాళ్ల కోరిక మీదే ఇవ్వడం లేదు. 67 బ్యాచ్ పెద్దాయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. 75 బ్యాచ్ మేడమ్ అదే బడికి తెలుగు టీచర్‌గా తిరిగి వచ్చి చివరి పదకొండేళ్లు పనిచేశారు. 2015 బ్యాచ్ అబ్బాయి పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తాడు.)

వ్యాఖ్యాత: నమస్కారం. పాత ఊళ్లో బడి అనగానే 1847లో మొదలైన సెయింట్ అలోషియస్ గుర్తొస్తుంది, సి.వి. రామన్ చిన్నప్పుడు అక్కడే చదివారనీ గుర్తొస్తుంది. ఆ మాట ముందే అనేశాను కాబట్టి ఇక దాని జోలికి వెళ్లొద్దు. నోబెల్ రాని వాళ్ల బడి గురించి మాట్లాడుకుందాం. సార్, మీరు బడిలో చేరిన రోజు గుర్తుందా?

67 బ్యాచ్: ఎందుకు గుర్తుండదు! 1956. మా నాన్న పోర్టులో కలాసీ. డ్యూటీ దిగి, ఆ నూనె చొక్కాతోనే నన్ను తీసుకొచ్చాడు. హెడ్మాస్టరుగారు నా వైపు చూసి, "కుడి చెయ్యి తల మీంచి తిప్పి ఎడమ చెవి పట్టుకోరా" అన్నారు. పట్టుకున్నాను. అందితే ఐదేళ్లు నిండినట్టు. ఆ రోజుల్లో అదే బర్త్ సర్టిఫికెట్.

వ్యాఖ్యాత: మరి తేదీ?

67 బ్యాచ్: అది ఆయనే రాసేశారు. 1951 జూలై 1. మా అమ్మ గుమ్మం బయట నుంచి "కార్తీక మాసంలో పుట్టాడు బాబూ, పున్నమి వెళ్లిన రెండో రోజు" అంటూనే ఉంది. ఆయన పట్టించుకోలేదు. ఆ రోజు చేరినవాళ్లం పద్నాలుగు మందిమి. మాలో పదకొండు మంది జూలై ఒకటినే పుట్టాం. (నవ్వులు)

75 బ్యాచ్: రిజిస్టర్‌లో నేను చూశానండీ. పై నుంచి కింద దాకా ఒకటే తేదీ. అక్కడక్కడా జూన్ ఒకటి. అది ఎవరో కాస్త పట్టుబట్టిన తండ్రి అయ్యుంటాడు.

67 బ్యాచ్: నవ్వుతాం కానీ, దాని బరువు నాకు యాభై ఏళ్ల తర్వాత తెలిసింది. నెల ఒకటో తేదీన పుట్టినవాడిని అంతకు ముందు నెల చివరి రోజునే రిటైర్ చేస్తారు, రూలు అలా ఉంది. నన్ను 2011 జూన్ 30న పంపించారు. ఆరో వేతన సంఘం తర్వాత కేంద్ర ఉద్యోగులందరికీ ఏడాది ఇంక్రిమెంటు జూలై 1నే. అంటే ఏడాదంతా పనిచేశాను, ఇంక్రిమెంటు మాత్రం ఒక్క రోజు తేడాతో పోయింది. మా హెడ్మాస్టరు రాసిన ఆ ఒక్క అంకె వల్ల!

వ్యాఖ్యాత: దాని మీద కోర్టు తీర్పు వచ్చినట్టుంది కదా?

67 బ్యాచ్: వచ్చింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, చివరి రోజున రిటైరైనా ఆ ఏడాది ఇంక్రిమెంటు ఇవ్వాల్సిందే అంది. అప్పటికి ఆ పద్నాలుగు మందిలో ఐదుగురమే మిగిలాం. ఫోన్లు చేసుకున్నాం. ఒకడు అన్నాడు, "ఒరే, మనం నిజంగా కార్తీకంలో పుట్టినట్టు రాసుంటే ఈ గొడవే ఉండేది కాదు" అని. ఇంకో ఐదు నెలలు సర్వీసు కూడా మిగిలేది, అది వేరే సంగతి.

వ్యాఖ్యాత: మేడమ్, రిజిస్టర్ మాట మీరే ఎత్తారు. పాతవి మీ చేతికి ఎలా వచ్చాయి?

75 బ్యాచ్: టీసీ కోసం ఎవరో ఒకరు వస్తూనే ఉంటారండీ. పాస్‌పోర్టుకని, పింఛనుకని, ఆస్తి తగాదాలకని. క్లర్కు లేని రోజుల్లో ఆ పని తెలుగు టీచర్ మీద పడుతుంది, చేతిరాత చదవగలదని. ఒకరి పేరు వెతుకుతూ పదిమంది బతుకులు చదివేసేదాన్ని. అందులో 'తండ్రి వృత్తి' అని ఒక గడి ఉంటుంది. ఊరు ఎలా మారిందో తెలియాలంటే ఆ ఒక్క గడీ చాలు.

వ్యాఖ్యాత: కొంచెం చెప్పండి.

75 బ్యాచ్: బాగా పాత వాటిలో 'వలకాడు', 'పడవ సరంగు', 'గుమస్తా'. 1933లో హార్బర్ తెరిచారు కదా, ఆ తర్వాత పేజీల నిండా 'కలాసీ', 'క్రేన్ డ్రైవర్'. 1948లో నెహ్రూగారు 'జల ఉష' ఓడను నీళ్లలోకి దించారు. ఆ ఏళ్ల నుంచి 'షిప్‌యార్డు ఫిట్టర్', 'వెల్డర్', 'పెయింటర్'. 57లో రిఫైనరీ వచ్చాక అదీ చేరింది. తమాషా ఏమిటంటే, స్టీల్ ప్లాంట్ మాత్రం ఏవో కొన్ని పేర్ల దగ్గర కనిపించి మాయమైపోతుంది.

67 బ్యాచ్: ఉక్కునగరంలో క్వార్టర్సు ఇచ్చారు కదమ్మా. వాళ్ల బడులు వాళ్లకి ఉన్నాయి.

75 బ్యాచ్: అదే కదండీ. ఉద్యోగం రాగానే ఊరు మారారు. పోర్టులో పైకి ఎదిగినవాళ్లు ఎంవీపీ కాలనీకి, సీతమ్మధారకి వెళ్లిపోయారు. నేను తిరిగొచ్చేసరికి ఆ గడిలో 'ఆటో', 'వాచ్‌మన్', 'మేస్త్రీ దగ్గర కూలి'. అప్పుడప్పుడూ ఏమీ రాయకుండా ఒక గీత.

2015 బ్యాచ్: టీచర్, ఒక మాట చెప్పనా?

75 బ్యాచ్: చెప్పు నాన్నా. క్లాసులో ఇలా అడిగితే ఎంత బాగుండేది! (నవ్వులు)

2015 బ్యాచ్: మా తాత కూడా అక్కడే చదివాడు, ఐదో తరగతి దాకా. ఆయన తండ్రి పేరు పక్కన 'వలకాడు' అనే ఉండాలి. కానీ ఇంట్లో డబ్బు చూసింది మా ముత్తవ్వ. గంప నెత్తిన పెట్టుకుని కోట వీధి నుంచి అల్లిపురం దాకా నడిచి చేపలు అమ్మేది. వేట లేని రోజుల్లో కూడా ఎండు చేపలమ్మి ఇల్లు నడిపింది. రిజిస్టర్‌లో ఆవిడకి గడే లేదు. అది చూసి ఊరి చరిత్ర అంటే ఎలా టీచర్?

75 బ్యాచ్: (కాసేపు ఆగి) లేదురా. తల్లి పేరు రాయడం మొదలైందే చాలా తర్వాత. తల్లి ఏం చేస్తుందని అడిగే గడి ఇప్పటికీ నాకు కనబడలేదు. ఒప్పుకుంటున్నాను.

వ్యాఖ్యాత: సార్, మీ రోజుల్లో క్లాసు గది ఎలా ఉండేది?

67 బ్యాచ్: పెంకుల కప్పు, ఎత్తైన గోడలు, పెద్ద పెద్ద కిటికీలు. మా లెక్కల మాస్టారికి ఓడ కూతంటే పడదు. ఓడ రేవులోకి వస్తూ కూత వేసిందంటే సుద్దముక్క బోర్డు మీద అలాగే ఆపి, కళ్లు మూసుకుని నిలబడేవారు. అది ఆగాక మిగతా సగం అంకె రాసేవారు. ఎనిమిది రాస్తుంటే కూత వచ్చిందనుకోండి, మూడో ఎనిమిదో తెలియక మేం లెక్క తప్పు చేసేవాళ్లం. సాయంత్రానికి తెల్ల చొక్కా బూడిద రంగుకి తిరిగేది, గాలి రేవు వైపు నుంచి వీస్తే బొగ్గు పొడి.

2015 బ్యాచ్: అది మాకూ ఉంది సార్. చొక్కా రంగు మార్చారు, పొడి మాత్రం మారలేదు.

67 బ్యాచ్: మధ్యాహ్నం ఉప్మా పెట్టేవారు. అమెరికా నుంచి వచ్చిన రవ్వ, పాలపొడి. పాలపొడి నీళ్లలో కలిపి ఇస్తే తాగేవాళ్లం కాదు, పొడి పొడిగానే అరచేతిలో వేయించుకుని నాకేవాళ్లం. అంగిలికి అతుక్కునేది. తర్వాతి పీరియడ్‌లో మాస్టారు ప్రశ్న అడిగితే ఒక్కడికీ నోరు పెగిలేది కాదు.

వ్యాఖ్యాత: 1966లో మీరు ఎస్.ఎస్.ఎల్.సి.లో ఉన్నారు. విశాఖలో స్టీల్ ప్లాంట్ పెట్టాలని ఉక్కు ఉద్యమం.

67 బ్యాచ్: అక్టోబరు 15న అమృతరావుగారు నిరాహార దీక్షకు కూర్చున్నారు. అక్కడ నుంచి బడి సగం, ఊరేగింపు సగం. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని అరవడం మాకు పద్యం అప్పజెప్పడం కంటే సులువు. హెడ్మాస్టరు గేటుకి తాళం వేయిస్తే వెనక గోడ దూకేవాళ్లం. దూకుతుంటే నా చెప్పు ఒకటి గోడ మీది గాజుపెంకులకి ఇరుక్కుని అక్కడే ఉండిపోయింది. ఒంటి చెప్పుతో టౌన్ హాలు దాకా వెళ్లాను.

వ్యాఖ్యాత: నవంబరు 1న?

67 బ్యాచ్: ఆ రోజు వెళ్లలేదు. మా అమ్మకి ఏం తోచిందో, గదిలో పెట్టి గొళ్లెం వేసింది. మధ్యాహ్నానికి పోలీసు కాల్పుల వార్త వచ్చింది. పోయినవాళ్లలో చదువుకునే పిల్లలు ఉన్నారు. (ఆగి) మళ్లీ బడి తెరిచాక హెడ్మాస్టరుగారు అటెండెన్స్ తనే తీసుకున్నారు. ఒక్కొక్క పేరూ పిలిచి, మా మొహం చూసి, ఆ తర్వాతే టిక్కు పెట్టారు. మా క్లాసులో అందరం ఉన్నాం. ఆ తర్వాత నాలుగేళ్లకి, 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. మా బ్యాచ్‌లో ఆ ప్లాంటులో ఉద్యోగం వచ్చింది ఇద్దరికే.

వ్యాఖ్యాత: ఇప్పటి సంగతికి వద్దాం. పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని బడికి ఒక ఆర్చి కట్టించారని విన్నాను.

75 బ్యాచ్: కట్టించారు. పాలరాతి మీద దాతల పేర్లు కూడా చెక్కించారు.

67 బ్యాచ్: నేనూ ఇచ్చానమ్మా.

75 బ్యాచ్: తెలుసండీ, మీ పేరు రోజూ చదువుతూనే లోపలికి వెళ్లేదాన్ని. మీ మనసు మంచిదే. కానీ అప్పట్లో ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు. ఒకమ్మాయి లోపలికి వెళ్తే ఇంకో అమ్మాయి చున్నీ పట్టుకుని అడ్డంగా నిలబడేది. ఆర్చి మీటింగులో ఆ సంగతి చెప్పాను. "అది గవర్నమెంటు చూసుకుంటుంది మేడమ్, మనం చిరస్థాయిగా నిలిచేది ఏదైనా చేద్దాం" అన్నారు ఒకాయన. నేను చదువుకున్నప్పుడు కూడా ఆ తలుపు సరిగ్గా లేదు. దానికి మించిన చిరస్థాయి ఏముంటుంది?

67 బ్యాచ్: (నవ్వుతూ) మగపిల్లలం మాకు ఆ ఆలోచనే రాలేదు. నిజం.

75 బ్యాచ్: ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు–నేడు పనులు 2019 చివర్లో మొదలయ్యాయి. మరుగుదొడ్లు, నీళ్లు, బల్లలు అందులోకి వచ్చాయి. నేను 2020లో రిటైరయ్యాను. అంటే ఆ తలుపు బిగించేసరికి నేను బయటికి వచ్చేశాను.

వ్యాఖ్యాత: సదుపాయాలొస్తే పిల్లలు తిరిగొస్తారా?

2015 బ్యాచ్: సార్, చుట్టుపక్కల ఇళ్లే లేకపోతే పిల్లలెక్కడ నుంచి వస్తారు? మా వీధిలో ఇళ్లన్నీ గోడౌన్లయ్యాయి. మా అక్క కూతురు గాజువాకలో కాన్వెంటుకి వెళ్తుంది. బడి మీద కోపమేం లేదు, దూరం. మీరందరూ జ్ఞాపకం అంటారు. జ్ఞాపకం ఉన్నవాడెవడూ ఇప్పుడు వన్‌టౌన్‌లో అద్దెకైనా ఉండడం లేదు.

67 బ్యాచ్: నేను మాత్రం ఏం తక్కువ, మధురవాడలో ఫ్లాటు కొనుక్కున్నాను.

వ్యాఖ్యాత: హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు పదో తరగతి కదా?

2015 బ్యాచ్: అవును సార్, 2014 అక్టోబరు 12. ఆదివారం కాబట్టి సరిపోయింది. పెంకులన్నీ లేచిపోయాయి. ఆవరణలో వేపచెట్టు ఆఫీసు గది మీద పడింది. రోడ్లు కొంచెం క్లియర్ అయ్యాక వెళ్తే టీచర్ ఒక్కరే ఉన్నారు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని బీరువాలోంచి నీళ్లు తోడుతున్నారు.

75 బ్యాచ్: రిజిస్టర్లు అందులోనే ఉన్నాయి మరి.

2015 బ్యాచ్: కరెంటు లేదు, ఫ్యాను లేదు. బెంచీలు ఎండలో వేసి, రిజిస్టర్లు విప్పి, పేజీ పేజీకీ మధ్య పాత న్యూస్‌పేపరు పెట్టాం. ఎగిరిపోకుండా పైన పెంకు ముక్కలు. ఎనిమిది మందిమి, మూడు రోజులు. పేపరు తడిసిందంటే తీసి కొత్తది పెట్టాలి. సిరాతో రాసినవి కొన్ని నీలంగా కారిపోయాయి. పేర్లు పోయి ఒక్క రోల్ నంబరే మిగిలినవీ ఉన్నాయి. మా తాత పేరు కోసం వెతికాను, అప్పుడే.

వ్యాఖ్యాత: దొరికిందా?

2015 బ్యాచ్: లేదు. ఆ ఏళ్ల పేజీలన్నీ అట్టలా అతుక్కుపోయాయి. విప్పబోతే చిరుగుతున్నాయి. టీచర్ వద్దన్నారు.

75 బ్యాచ్: గుడ్డలో చుట్టి బీరువా పై అరలో పెట్టాం. ఇప్పటికీ అలాగే ఉంది. యాభైనాలుగు నుంచి యాభైఎనిమిది దాకా.

67 బ్యాచ్: యాభైఆరు అందులోనే కదమ్మా?

75 బ్యాచ్: అందులోనే.

67 బ్యాచ్: అయితే విప్పకండి. మొన్ననే ఇంక్రిమెంటు ఏరియర్స్‌కి అప్లికేషన్ పెట్టాను. ఇప్పుడు కార్తీక మాసం బయటపడితే కష్టం.