స్కానర్ పలకకపోతే ఎక్కడ వెతకాలి

అందరికీ నమస్కారం. కావలి నుంచి, ఒంగోలు నుంచి వచ్చినవాళ్లలో చాలామంది ఒకటే మాట అడిగారు: "స్కానర్ కొన్నాం, అంకెలు పరిగెడుతున్నాయి, మాట మాత్రం వినపడటం లేదు. ఇంకా ఖరీదైన సెట్టు కొనాలా?" వద్దు. స్కానర్ అంటే ఫ్రీక్వెన్సీలు ఒక్కొక్కటిగా వెతుకుతూ పోయే రేడియో సెట్టు. పది సెట్లలో తొమ్మిదింటి తప్పు సెట్టులో ఉండదు. దాని బయట ఉంటుంది, లేదా మనం నొక్కిన మీటల్లో ఉంటుంది.

ముందు అడుగు సంగతి. అడుగంటే ఒక ఫ్రీక్వెన్సీ నుంచి పక్కదానికి స్కానర్ వేసే అంగ. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి. విజయవాడ ఆకాశవాణిది 837, అంటే తొమ్మిది తొంభైమూళ్లు. అమెరికా కోసం చేసిన సెట్టు 10 చొప్పున నడుస్తుంది. 830 చూసి 840కి పోతుంది, 837ని దాటేస్తుంది. ఒకవేళ ఆగినా గొంతు వంకరగా వస్తుంది. సెట్టింగుల్లో 9కి మారిస్తే సరి. షార్ట్ వేవ్ ప్రసారాలకు 5, ఎఫ్ఎంకు 100, సముద్రపు వీహెచ్ఎఫ్‌కు 25 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి.

రెండోది మోడ్, అంటే మాటను తరంగం మీదికి ఎక్కించే పద్ధతి. ఎఫ్ఎం ప్రసారానికి దాదాపు 200 కిలోహెర్ట్జ్ వెడల్పు కావాలి. వాకీటాకీ తరహా మాటకు 12.5 నుంచి 25 చాలు. హామ్‌లు, అంటే లైసెన్సు తీసుకుని సరదాకు రేడియోలో మాట్లాడుకునేవాళ్లు, వాడే సైడ్‌బ్యాండ్ మాటకు (ఏఎం తరంగంలో ఒక పక్కను మాత్రమే పంపే పద్ధతి) 2.7 సరిపోతుంది. ఆ మాటను ఏఎంలో వింటే బాతు అరిచినట్టుంటుంది. హామ్‌లు 10 మెగాహెర్ట్జ్ కింద దిగువ సైడ్‌బ్యాండ్, పైన ఎగువ సైడ్‌బ్యాండ్ వాడతారు. అందుకే 7 మెగాహెర్ట్జ్‌లో ఎల్ఎస్‌బీ, 14లో యూఎస్‌బీ.

స్క్వెల్చ్, అంటే సిగ్నల్ లేనప్పుడు స్పీకర్ నోరు మూసే మీట, చాలామంది బిగించేస్తారు. దాన్ని పూర్తిగా తెరవండి, బుస్సుమని శబ్దం రానివ్వండి. మెల్లగా తిప్పుతూ శబ్దం ఆగిన చోట ఒక వెంట్రుకవాసి ముందుకు జరిపి వదిలేయండి. అంతకన్నా బిగిస్తే పక్క వీధి సిగ్నల్ తప్ప ఏదీ తలుపు తీయలేదు.

ఇప్పుడు అసలు విషయం, తీగ, అంటే ఏరియల్. సెట్టుతో వచ్చే రబ్బరు కడ్డీని స్లాబు కింద, ఇనుప కిటికీ పక్కన పెట్టి ఏమీ వినపడలేదంటే అది దాని తప్పు కాదు. మిద్దె మీదికి ఎక్కించాలి. పావు తరంగం పొడవు కట్టే లెక్క తేలికే: 71ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. 145కి 49 సెంటీమీటర్లు, ఓడల సంకేతాలు వచ్చే 162కి 44. వాతావరణ ఉపగ్రహాల కోసమైతే 53.4 సెంటీమీటర్ల కడ్డీలు రెండు తీసుకుని, నేలకు సమాంతరంగా, మధ్యలో 120 డిగ్రీల కోణం వచ్చేలా వి ఆకారంలో పీవీసీ పైపుకు బిగించండి. వి నోరు ఉత్తరానికో దక్షిణానికో ఉండాలి. రెండు మూడు మిల్లీమీటర్ల మందం రాగి తీగ గాని, అల్యూమినియం కడ్డీ గాని చాలు. కేబుల్ నడిమి తీగ ఒక కడ్డీకి, జల్లెడ అల్లిక రెండోదానికి.

కేబుల్‌కు డిష్ టీవీకి వాడే ఆర్‌జీ-6 తీసుకోండి. అది 75 ఓమ్‌లు, సెట్టు 50 ఓమ్‌లు అని కంగారు పడొద్దు, వినడానికి ఆ తేడా లెక్కలోది కాదు. సన్నటి ఆర్‌జీ-58 ఇరవై మీటర్లు లాగితే 150 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 4 డెసిబెల్ పోతుంది, అంటే సగానికి పైగా సిగ్నల్ దారిలోనే అయిపోయినట్టు. ఆర్‌జీ-6లో పోయేది రెండు లోపే.

మన తీరం గాలిలో ఉప్పుంది. అతుకును కప్పకుండా వదిలేస్తే కొద్ది నెలల్లో రాగికి చిలుము పడుతుంది, నీరు అల్లిక వెంబడి లోపలికి పాకుతుంది. అతుకు మీద తనకు తానే అంటుకునే రబ్బరు టేపు సాగదీసి చుట్టి, దాని మీద మామూలు టేపు వేయండి. కేబుల్ ఇంట్లోకి దూరేముందు కిందికి ఒక వంపు ఇవ్వండి, నీటిబొట్టు అక్కడే రాలిపోతుంది. అనుమానం వస్తే రెండు కొసలూ విప్పి మల్టీమీటర్ పెట్టండి. నడిమి తీగకూ అల్లికకూ మధ్య మీటరు ఏమీ కలవనట్టు (ఓపెన్) చూపాలి, నిరోధం అంకె ఏదైనా వస్తే నీరు చేరినట్టే, ఆ కేబుల్ తీసేయాలి. ఉరుములు మొదలుకాక ముందే కేబుల్ ఊడదీయడం మరవొద్దు.

ఇన్ని చేశాక కూడా గరగర ఉంటే ఇంటి మెయిన్ ఆపి, సెట్టును బ్యాటరీ మీద పెట్టి చూడండి. శబ్దం పోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు: ఎల్ఈడీ బల్బు, చార్జర్, ఇన్వర్టర్. ఒక్కో స్విచ్ వేస్తూ పోతే దొరుకుతాడు. పోకపోతే బయటిది. రొయ్యల గుంటల పక్కన ఏరేటర్ మోటార్లకు వేగం తగ్గించే డ్రైవ్‌లు ఉంటే షార్ట్ వేవ్ అంతా గీతలు గీతలుగా నిండిపోతుంది. ఇంకొకటి, 11 కేవీ లైన్ల పింగాణీల మీద పేరుకునే ఉప్పు. తెల్లవారి మంచుకు తడిసినప్పుడు అది చిటపటలాడుతుంది, గట్టి వాన కడిగేస్తే కొన్నాళ్లు సద్దుమణుగుతుంది. వదులైన బోల్టు దగ్గర పుట్టే మెరుపు దీనికి తిరగబడి ఉంటుంది, ఎండలో మోగి వానలో ఆగుతుంది. ఏ వేళ మోగుతోందో రాసుకుని, స్తంభం నంబరుతో లైన్‌మన్‌కు చెప్పండి. స్తంభాన్ని కొట్టడం, స్టే వైరు ఊపడం చేయొద్దు, ప్రాణం పోతుంది.

కంప్యూటర్‌కు గుచ్చే ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ (పెన్‌డ్రైవ్ లాంటి డాంగిల్ రిసీవర్) వాడేవాళ్లకు రెండు మాటలు. సుమారు 24 నుంచి 1766 మెగాహెర్ట్జ్ దాకా అది వింటుంది, కానీ సిగ్నల్‌ను 8 బిట్లతోనే కొలుస్తుంది కాబట్టి దగ్గరి ఎఫ్ఎం స్టేషన్ మీద పడితే తట్టుకోలేదు. ఉపగ్రహం రావాల్సిన 137 దగ్గర సినిమా పాట వినిపిస్తే 88–108ని ఆపే ఫిల్టర్ పెట్టండి, గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) తగ్గించండి. పాత డాంగిల్ 50 పీపీఎం (పది లక్షలకు 50 వంతులు) తప్పితే 162 మెగాహెర్ట్జ్ దగ్గర 8 కిలోహెర్ట్జ్ పక్కకు పోతుంది. ముందు తెలిసిన స్టేషన్‌తో సరిచేసుకోండి.

ఏం వినాలి అన్నది చట్టంతో ముడిపడినది. 1933 నాటి వైర్‌లెస్ చట్టం కాలం నుంచీ మన దేశంలో ఈ పరికరాలు ఉంచుకోవడానికి అనుమతి నియమాలున్నాయి. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. పోలీసుల మాటల జోలికి, ఇతరుల సొంత సంభాషణల జోలికి పోవద్దు. స్కానర్ పేరుతో అమ్మే చవక వాకీటాకీలు నిజానికి ప్రసారం కూడా చేస్తాయి. సముద్రపు 16వ ఛానెల్, 156.8 మెగాహెర్ట్జ్, మీద ఆటగా మీట నొక్కితే, ఆపదలో ఉన్న బోటు కేక అదే క్షణంలో దాని కింద నలిగిపోతుంది. మాట్లాడాలని ఉంటే హామ్ పరీక్ష రాయండి, 12 ఏళ్లు నిండితే చాలు.

వినడానికి తెరిచి ఉన్నవే బోలెడు. 7.0–7.2 మెగాహెర్ట్జ్‌లో ఉదయం, సాయంత్రం హామ్‌లు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగాముల మాట 145.800 మీద. అది మన మీదుగా పోయేది పది నిమిషాల్లోపే. వచ్చేటప్పుడు మూడు కిలోహెర్ట్జ్‌కు పైగా ఎగువన, పోయేటప్పుడు అంతే దిగువన వినపడుతుంది. నోవా 15, 18, 19 వాతావరణ ఉపగ్రహాలు 2025లో ఆగిపోయాయి, వాటి కోసం కూర్చోవద్దు. మెటియోర్ వాతావరణ ఉపగ్రహాలవి 137.9 లేదా 137.1 మీద చూడండి.

ఇక మన తీరానికి ఒక వరముంది. తుమ్మలపెంటలో పది మీటర్ల మిద్దె మీద వీహెచ్ఎఫ్ ఏరియల్ పెడితే, పాతిక మీటర్ల ఎత్తున ఏరియల్ ఉన్న ఓడ సంకేతం లెక్క ప్రకారం 33 కిలోమీటర్ల దాకానే అందాలి. కానీ నేల మీది పొడి వేడిగాలి సముద్రపు చల్లటి తేమగాలి మీద పరుచుకున్న రోజున ఆ పొరల మధ్య తరంగం గొట్టంలో పోయినట్టు వంగి పోతుంది, వందల కిలోమీటర్ల అవతలి ఎఫ్ఎం స్టేషన్లు లోకల్ స్టేషన్ల పక్కన వచ్చి కూర్చుంటాయి. మీకు తెలియని స్టేషన్ వినిపిస్తే ముందు పేరు చెప్పే దాకా ఆగండి, తర్వాత టైము, ఫ్రీక్వెన్సీ రాసుకోండి. ఎండ ఎక్కి గాలి కలిసిపోగానే అవి ఒక్కొక్కటిగా మసకబారి పోతాయి, కాబట్టి చీకటితోనే మిద్దె ఎక్కాలి.