బల్ల మీద కేకే లైను

సభకు నమస్కారం.

రైలు నమూనా అనగానే చాలామందికి గుండ్రంగా తిరిగే బొమ్మబండి గుర్తొస్తుంది. పుణేలో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం చూసినవాళ్లకు అంతకంటే పెద్ద ఊహ ఉంటుంది. 1998లో తెరిచిన ఆ మ్యూజియంలో ఒక ఊరు ఊరంతా దీపాలతో, సిగ్నళ్లతో కళ్లముందు కదులుతుంది. అయితే అది కల్పించిన ఊరు. ఇవాళ నేను చెప్పబోయేది నిజంగా ఉన్న ఒక చోటును బల్ల మీదికి తెచ్చి, అక్కడ బండ్లు ఎలా నడుస్తాయో అలాగే నడపడం గురించి. నా బల్ల మీద ఉన్నది కొత్తవలస–కిరండూల్ లైనులో, అంటే కేకే లైనులో, బొర్రా గుహలు స్టేషను.

మన ప్రాంతంలో ఇన్ని లైన్లు ఉండగా ఇదే ఎందుకు? అందం ఒక్కటే కారణం కాదు. ఈ లైను ఎందుకు పుట్టిందో మీకు తెలిసే ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి ఓడల్లో జపాన్‌కు పంపడానికి 1960లో ఒప్పందం కుదిరింది. ఆ దశాబ్దంలోనే తూర్పు కనుమలను తొలుచుకుంటూ ఈ దారి వేశారు. మొత్తం సుమారు 446 కిలోమీటర్లు, 58 సొరంగాలు. 1980ల మొదట్లో కరెంటు లైను వచ్చింది. శిమిలిగుడ స్టేషను బోర్డు మీద సముద్రమట్టానికి 996 మీటర్లకు పైగా ఎత్తు రాసి ఉంటుంది. కశ్మీరు లైను రాకముందు దేశంలో బ్రాడ్‌గేజి మీద అదే అతి ఎత్తైన స్టేషను. ఇలాంటి లైనులో బండి ఏ వైపు వెళ్తోందో చూస్తే చాలు, దాని కథ తెలిసిపోతుంది. పైకి వెళ్లేది ఖాళీ బండి, కిందికి వచ్చేది లోడు బండి. నా నమూనా మొత్తం ఈ ఒక్క నియమం మీద నిలబడి ఉంది. కొండలు, చెట్లు ఎంత బాగా చేసినా, బండ్ల నడక తప్పితే అది బొర్రా కాదు. కొండల్లో ఉన్న ఏదో ఒక స్టేషను, అంతే.

ఇక కొలతల సంగతి. ప్రపంచంలో ఎక్కువమంది వాడే హెచ్‌ఓ కొలత అంటే 87 వంతుల్లో ఒక వంతు. దాని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది 1435 మిల్లీమీటర్ల విదేశీ గేజికి సరిపోయే లెక్క. మన బ్రాడ్‌గేజి 1676. దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. కచ్చితంగా ఉండాలంటే ఆ వెడల్పులో పట్టాలు సొంతంగా వేసుకోవాలి, ప్రతి ఇంజనుకూ చక్రాలు మార్చాలి. అంత ఓపిక ఉన్నవాళ్లకు నా నమస్కారాలు. మనలో చాలామంది 16.5తో సర్దుకుంటాం, నేనూ అంతే. పక్కనుంచి చూసినంతసేపూ కంటికి తేడా తెలియదు. బండికి ఎదురుగా వంగి చూస్తేనే పట్టాలు ఇరుగ్గా కనిపిస్తాయి. అందుకే చూసేవాళ్లు బల్ల చివరన కాకుండా ముందు నిలబడేలా ఏర్పాటు చేశాను.

పొడవుల దగ్గర మాత్రం సర్దుబాటు తప్పదు. మన బ్రాడ్‌గేజిలో స్టేషను లూప్ లైను, అంటే ఒక బండి పక్కకు తప్పుకుని ఇంకోదానికి దారి ఇచ్చే లైను, మామూలుగా 686 మీటర్లు. అది బల్ల మీద దాదాపు 7.9 మీటర్లు అవుతుంది. ఖనిజం మోసే 58 బాక్స్‌ఎన్ వ్యాగన్ల బండి ఇంజన్లు కాకుండానే ఏడు మీటర్లు దాటుతుంది. బ్రాడ్‌గేజిలో అనుమతించే అతి గట్టి వంపు 10 డిగ్రీలు, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం. బల్ల మీద అది రెండు మీటర్లు. ఇంట్లో మనకు దొరికేది 60 సెంటీమీటర్లు. నా బల్ల పొడవు 4.2 మీటర్లు, వెడల్పు 1.4. అందులో రెండు ఇంజన్లు, పన్నెండు వ్యాగన్ల బండి పట్టేలా 2.1 మీటర్ల లూపు వేశాను. ఆరు పెట్టెల ప్యాసింజరూ అందులో హాయిగా ఇముడుతుంది. పన్నెండు వ్యాగన్లు పొడవాటి బండిలా కనిపిస్తాయా అని అడుగుతారు. బండి మొదలూ చివరా ఒకేసారి కంటపడకపోతే కనిపిస్తుంది. ఇంజను ఈ సొరంగంలోకి దూరేసరికి చివరి వ్యాగను ఇంకా ఆ సొరంగంలోంచి బయటపడకుండా ఉండాలి. ఆ మరుగు మనకు కేకే లైనే ఇచ్చింది. మైదానంలోని స్టేషనైతే పట్టాలు ఎక్కడో ఒకచోట ఉన్నట్టుండి ఆగిపోవాలి. ఇక్కడ సొరంగం ఉంది కాబట్టి అబద్ధం చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఖాళీ, లోడు చిక్కుముడి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. లోడుతో కిందికి వెళ్లిన బండి మళ్లీ లోడుతోనే పైకి వస్తే కథ చెడిపోతుంది. అలాగని ప్రతిసారీ చేత్తో ఖనిజం దించి ఎక్కిస్తూ కూర్చోలేం. అందుకని రెండు బండ్లు పెట్టుకున్నాను, ఒకటి ఎప్పుడూ లోడు, ఒకటి ఎప్పుడూ ఖాళీ. పట్టాలు పొడవాటి గుండ్రంగా చుట్టి ఉంటాయి, వెనక సగం కొండ మరుగున. లోడు బండి ఎప్పుడూ అరకు వైపు సొరంగంలోంచి వచ్చి కొత్తవలస వైపు సొరంగంలోకి పోతుంది. ఖాళీ బండి దానికి సరిగ్గా ఎదురు. కొండ వెనక ఇంకో లూపులో అవి ఒకదాన్నొకటి దాటుకుని తమ తమ చోట్లకు తిరిగి చేరతాయి. వెనకున్న ఆ చీకటి యార్డే నాకు కిరండూలు, విశాఖ రేవూ. చూసేవాళ్లకు లోడు బండి కొండెక్కడం ఒక్కసారి కూడా కనిపించదు. వ్యాగన్లలో ఉన్నది థర్మోకోల్ ముక్క, దాని మీద బంకతో అంటించిన ముదురెరుపు పొడి. తేలిగ్గా ఉంటుంది, గట్టి వంపుల్లో వ్యాగన్లు పక్కకు ఒరిగిపోవు.

మరో మాట కూడా చెప్పాలి. నా బల్ల మీద పట్టాలకు వాలే లేదు. అరవైకి ఒకటి వాలు అంటే మూడు మీటర్ల దృశ్యంలో అయిదు సెంటీమీటర్ల తేడా, కంటికి ఆనేది కాదు. ఘాట్ అనిపించేది పట్టాల వాలు వల్ల కాదు, పట్టాల పక్కనుంచి నేల జారిపోవడం వల్ల. అందుకే బల్లకు పైన చదును పలక వేయలేదు. చెక్క చట్రం కట్టి, పట్టాల కింద మాత్రమే పలక వేసి, ముందువైపు లోయను పట్టాలకంటే 30 సెంటీమీటర్లు కిందికి దించాను. వెనక కొండ 50 సెంటీమీటర్లు లేస్తుంది. బండి ఆ నడుమ అంచు పట్టుకుని వెళ్తుంది. చట్రానికి మెరైన్ ప్లైవుడ్డే వాడండి. విశాఖ గాలిలో తేమకు మామూలు చెక్క ఒక వానాకాలంలోనే వంకర తిరుగుతుంది. ఉప్పు గాలికి పట్టాలూ తొందరగా మసకబారతాయి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తూ ఉండాలి.

కాలం ఎంచుకోవడం చోటు ఎంచుకోవడమంత ముఖ్యం. ఇంగ్లండులో పెండన్ అనే నమూనాల మ్యూజియం ఉంది. రాయ్ ఇంగ్లండ్ అనే ఆస్ట్రేలియా యువకుడు, కళ్లముందే మారిపోతున్న పల్లెసీమను చూసి మొదలుపెట్టిన పని అది. అక్కడి నమూనా లోయలో ప్రతి ఇల్లూ 1920, 30ల నాటిదే. తర్వాత వచ్చినది ఏదీ అందులో అడుగుపెట్టదు. ఆ పట్టుదల నాకు ఆదర్శం. నేను 1990ల తొలి సంవత్సరాలు తీసుకున్నాను. ఈ లైను కోసమనే 1988 ప్రాంతంలో స్వీడన్ నుంచి, జపాన్ నుంచి తెప్పించిన డబ్ల్యూఏజీ-6 కరెంటు గూడ్సు ఇంజన్లు అప్పుడు వాల్తేరు షెడ్డులో ఉండేవి. పెట్టెలకు ఇంకా కుంకుమరంగే. 2017లో వచ్చిన అద్దాల విస్టాడోమ్ పెట్టె నాకూ ఎంతో ఇష్టం, కానీ నా బల్ల మీద దానికి చోటు లేదు. రెండో లైను పనులకూ లేదు. ఇక ఆ ఇంజన్లు బజారులో దొరకవు. విదేశీ మోటారు చట్రం మీద ప్లాస్టిక్ పలకలు కోసి ఒళ్లు కట్టుకోవాలి, లేదా త్రీడీ ప్రింటింగ్ చేయించుకోవాలి.

కొలతలు ఎలా తెచ్చారని అడుగుతుంటారు. పట్టాల మీదికి దిగకండి, సొరంగాల్లో అడుగుపెట్టకండి. అది నేరం, ప్రాణానికి ముప్పు కూడా. ప్లాట్‌ఫాం, ప్యాసింజరు కిటికీ చాలు. ఫొటోలో మీకు కొలబద్ద కావాలంతే. ఐసీఎఫ్ (చెన్నై పెట్టెల కర్మాగారం) పెట్టె ఒళ్లు 21.3 మీటర్లు, అది ఎక్కడ నిలబడితే అక్కడ మీ కొలబద్ద. పట్టాల కింద అడ్డంగా ఉండే కాంక్రీటు స్లీపర్లు కిలోమీటరుకు 1660 చొప్పున వేసిన చోట ఒక్కో స్లీపరు మధ్య దూరం 60 సెంటీమీటర్లు. ఫొటోలో స్లీపర్లు లెక్కపెడితే ప్లాట్‌ఫాం పొడవు వచ్చేస్తుంది. కరెంటు స్తంభాల మధ్య దూరం తిన్నని చోట గరిష్ఠంగా 72 మీటర్లు, వంపుల్లో తగ్గుతూ వస్తుంది. నేను స్తంభాలనూ దగ్గరికి జరిపాను, కానీ వంపులో ఇంకా దగ్గరగా ఉండే ఆ తీరును మాత్రం వదల్లేదు.

నేల రంగు గురించి రంగు డబ్బాలు చూసి నిర్ణయించకండి. తూర్పు కనుమల ఖోండలైట్ రాయి చితికితే వచ్చే ఎరుపు డబ్బాలో దొరకదు. గుప్పెడు మట్టి తెచ్చుకోండి. ఎండబెట్టి, జల్లెడ పట్టి, కాగితం మీద పరిచి, దాని మీద అయస్కాంతం తిప్పండి. నల్లటి నూగు దానికి అంటుకుని లేస్తుంది. ఆ నూగు మోటారులోకి వెళ్లిందంటే ఇంజను పని అయిపోయినట్టే. మిగిలిన మట్టిని చల్లి, సగానికి సగం నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో గిన్నెలు తోమే ద్రావణం ఒక చుక్క వేసి, సిరంజితో బొట్టు బొట్టుగా వదలాలి. ఆ చుక్క లేకపోతే బంక మట్టిలోకి ఇంకకుండా ముత్యాల్లా దొర్లిపోతుంది. ఆరాక మట్టి ఒక ఛాయ ముదురుతుంది కాబట్టి, ముందే కొంచెం లేతరంగు మట్టి ఎంచుకోవాలి. ఋతువు కూడా ఒక్కటే ఉండాలి. నాది వలిసెలు పూసే కాలం, వానలు వెళ్లిపోయి కొండ ఇంకా పచ్చగా ఉన్న రోజులు. మెట్టపొలాల మీద పసుప్పచ్చ పొడిని టీ వడకట్టే జాలీతో జల్లితే వలిసె పూత వస్తుంది. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటికింద కాఫీ పొదలు గుబురుగా ఉండాలి. కొండ మీద అడవి చెట్లు మాత్రం ఒక్కటీ ఇంకోదానిలా ఉండకూడదు.

అన్నీ కుదిరాక నడపడం. నా దృష్టిలో నమూనా అక్కడే మొదలవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగం బల్ల మీద సెకనుకు పది సెంటీమీటర్ల లోపే. అంటే మూడు మీటర్ల దృశ్యం దాటడానికి అర నిమిషం పడుతుంది. పిల్లలు మొదట విసుక్కుంటారు, కాసేపటికి వాళ్లే గొంతు తగ్గించి చూస్తారు. పట్టాల ద్వారానే ఒక్కో ఇంజనుకు విడిగా ఆదేశాలు పంపే డీసీసీ పద్ధతిలో ప్రతి ఇంజనుకూ దాని బరువు నేర్పవచ్చు. లోడు బండి ఇంజన్లకు ఆగడం ఆలస్యమయ్యేలా పెట్టాను, డ్రైవరు సిగ్నలు కంటే చాలా ముందే బ్రేకు వేయాలి. ఖాళీ బండి మాట వింటుంది.

ఆటకు ముగ్గురు కావాలి. ఒకరు బొర్రా స్టేషన్ మాస్టరు, ఒకరు డ్రైవరు, మూడో మనిషి కొండ వెనక కూర్చుని ఇటు కింది స్టేషను చిమిడిపల్లి, అటు పై స్టేషను కరకవలస రెండూ తానే అవుతాడు. లైను ఒక్కటే. చిమిడిపల్లి నుంచి ప్యాసింజరుకు లైన్ క్లియర్, అంటే బండి పంపడానికి అనుమతి, అడిగారు. అదే సమయానికి కరకవలస లోడు బండిని పంపుతానంటుంది. ఖాళీ బండి ఒకటి అప్పటికే మీ లూపులో నిలబడి ఉంది. మీకున్నవి రెండే లైన్లు. ఎవరిని ఆపుతారు? ప్యాసింజరును చిమిడిపల్లిలో పట్టి ఉంచితే జనం తిట్టుకుంటారు, ఘాట్‌లో కిందికి దిగే లోడు బండిని ఆపడం కష్టం. విశాఖలో పొద్దున్నే బయలుదేరే కిరండూల్ ప్యాసింజరు పది గంటల ప్రాంతంలో బొర్రా చేరాలి. గోడ మీద గడియారం ఆరు రెట్ల వేగంతో తిరుగుతూ ఉంటుంది, అంటే నాలుగు గంటల్లో ఒక రోజు గడిచిపోతుంది. రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా ఇంటికి వచ్చినప్పుడు కొండలు, చెట్లు చూసి బాగున్నాయన్నారు. లోడు బండి లైన్ క్లియర్ కోసం సొరంగం ముందు ఆగడం చూసి మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నారు. స్టేషన్ మాస్టరు పని తనకిమ్మన్నారు.

మీలో ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే కేకే లైనే అక్కర్లేదు. మీ ఊరి స్టేషను తీసుకోండి. అక్కడ రోజుకు ఏయే బండ్లు వస్తాయో, ఏది ఏ లైనులోకి వెళ్తుందో, ఎవరు ఎవరి కోసం ఆగుతారో ముందు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. చెక్క కొనడం ఆ తర్వాత. ఆ పుస్తకం నిండేసరికి ఎంత బల్ల కావాలో, బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే పాయింట్లు ఎన్ని కావాలో మీకే తెలుస్తుంది.

వెనక గదిలో బల్ల సిద్ధంగా ఉంది. ప్రశ్నలు అక్కడే అడగండి, నడుపుతూ జవాబు చెప్తాను. ముందుగా స్టేషన్ మాస్టరు ఎవరో తేల్చుకుందాం.